పొట్టలో దెబ్బకి ఉబ్బిన రక్తనాళం: బెజవాడ, గుంటూరుల్లో కాయిలింగ్ సేవకి మా మార్కులు

తీర్పు ముందే చెప్పేస్తాం. కాయిల్ పెట్టే పనికి పదికి ఎనిమిది. దానికి ముందు తీసే స్కానుకి ఐదు. ఇంటికి పంపాక పట్టించుకునే తీరుకి మూడు, అదీ మొహమాటానికి.

ఇది ఏ ఒక్క ఆస్పత్రి బోర్డు చూసీ రాసింది కాదు. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో, మధ్యలో హైవే పొడుగునా ఉన్న పెద్దాస్పత్రుల్లో దొరికే ఒకానొక సేవ గురించి. పొట్టకి దెబ్బ తగిలి లోపలి ధమని గోడ చినిగి ఉబ్బితే, పొట్ట కోయకుండా గజ్జలోంచి సన్నటి గొట్టం పంపి, కాయిల్ అనే చిన్న స్ప్రింగులతో ఆ ఉబ్బుకి రక్తం పోయే దారి మూసేస్తారు. కేస్ షీట్లో 'సూడో అన్యూరిజం, ఎంబొలైజేషన్' అని ఉంటుంది. వార్డులో మాత్రం అందరూ అనేది కాయిలింగ్ అనే.

అన్యూరిజం అనగానే చాలామందికి పెద్దవాళ్లకి బీపీ వల్ల వచ్చే ఉబ్బు గుర్తొస్తుంది. అది అసలు ఉబ్బు. ధమని గోడలోని 3 పొరలూ సాగి బుడగవుతాయి. దెబ్బ వల్ల వచ్చేది దాదాపు ఎప్పుడూ నకిలీ ఉబ్బే. సైకిలు టైరు చీలినచోట ట్యూబు బుడగలా తన్నుకొస్తుంది చూడండి, అలాంటిదే, కాకపోతే ఇక్కడ ఆ ట్యూబు కూడా ఉండదు. చినిగిన చోటునుంచి రక్తం బయటికొచ్చి చుట్టూ గడ్డకడుతుంది. ఆ గడ్డా, పక్కనున్న కండా కలిసి గోడలా నిలబడతాయి. లోపల మాత్రం గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం సుడి తిరుగుతూనే ఉంటుంది. ఆ గోడ ఎప్పుడు లొంగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ వినపడుతుంది: 'ఒక సెంటీమీటరే ఉంది, 2 సెంటీమీటర్లు దాటితే చూద్దాం' అని. 2, 3 సెంటీమీటర్ల లెక్కలు అసలు ఉబ్బులకి పెట్టుకున్నవి, అదీ రోగికి ఏ బాధా లేనప్పుడు. నకిలీ ఉబ్బుకి సైజు పరిమితి లేదు. ఎంత చిన్నదైనా వైద్యం చేయాల్సిందేనని రక్తనాళాల సర్జన్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. దెబ్బ తర్వాత వచ్చిన ఉబ్బుకి ఎవరైనా సెంటీమీటర్లు లెక్కపెడుతుంటే ఇంకో డాక్టరు గారి దగ్గర రెండో మాట వినండి.

మన దగ్గర ఇవి వచ్చే దారులు అందరికీ తెలిసినవే. బండి హ్యాండిల్ పొట్టలో గుచ్చుకోవడం, ముఖ్యంగా పిల్లలకి సైకిలు హ్యాండిల్. పైన మచ్చంత గుర్తే ఉంటుంది, లోపల కాలేయం చీలుతుంది. హైవే మీద ఆగున్న లారీని వెనకనుంచి గుద్దడం. కత్తిపోటు. యార్డులో నలభై కేజీలు తూగే మిర్చి టిక్కీ పైనుంచి జారి పక్కటెముకల మీద పడటం. ఇంకో దారి గురించి తక్కువ మాట్లాడతారు: ఆస్పత్రిలోనే తగిలే దెబ్బ. కిడ్నీ రాళ్లకి వీపులోంచి రంధ్రం పెట్టి చేసే ఆపరేషను, కాలేయం బయాప్సీ, కామెర్లకి పెట్టే పైత్యనాళపు గొట్టం, ల్యాప్రోస్కోపీ పోర్టు. చినిగే ధమనికి లారీ అయినా సూది అయినా ఒకటే.

ఇక స్కాను సంగతి. మా అసలు గొడవ ఇక్కడే.

క్యాజువాలిటీలో ముందు పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెడతారు. దాన్ని ఫాస్ట్ అంటారు. పొట్టలో రక్తం చేరిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు. ధమని ఉబ్బు గురించి దానికి తెలియదు. 'స్కాన్ తీశాం, నీరేం లేదు' అన్న మాట విని ఇంటికి బయల్దేరేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. డాప్లర్ (రక్తం పారే తీరుని రంగుల్లో చూపించే అల్ట్రాసౌండ్) తెలిసిన రేడియాలజిస్టు ఓపిగ్గా వెతికితే ఉబ్బులో ఎరుపూ నీలం చెరిసగంగా సుడి తిరగడం, ధమనికీ ఉబ్బుకీ మధ్యనుండే సన్నటి మెడ దగ్గర రక్తం ముందుకీ వెనక్కీ ఊగడం కనిపిస్తాయి. కానీ గ్యాసు నిండిన పేగులూ విరిగిన పక్కటెముకలూ ఉన్న మనిషిలో దాని మీద ఆధారపడలేం.

కావలసింది సీటీ, అదీ కాంట్రాస్టుతో, అంటే రక్తనాళాల్ని మెరిపించే మందు ఎక్కించి, కనీసం రెండు విడతల్లో. మందు ఎక్కించిన 25 నుంచి 35 సెకన్లకి ధమనుల విడత, 65 నుంచి 80 సెకన్లకి సిరల విడత. చాలా సెంటర్లలో 'హోల్ అబ్డామెన్ కాంట్రాస్ట్' అని రాస్తే రెండోది ఒక్కటే తీసి పంపేస్తారు. అందులో కాలేయం చీలిక, ప్లీహం (స్ప్లీన్) చీలిక చక్కగా కనిపిస్తాయి. రిపోర్టు కూడా చదవడానికి బాగుంటుంది. ఉబ్బు మాత్రం తప్పిపోతుంది. ఎందుకంటే నకిలీ ఉబ్బు ధమనుల విడతలో బృహద్ధమనితో (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) సమానంగా మెరిసి, సిరల విడతకి చుట్టుపక్కల కండతో కలిసిపోతుంది. అదే రక్తం కారుతూ ఉంటే రెండో విడతలో మచ్చ ఇంకా పెద్దదవుతుంది, మెరుపు తగ్గదు. ఉబ్బు అయితే సైజు మారకుండా వెలిసిపోతుంది. రెండు విడతలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఈ తేడా పట్టుకోలేరు. కిడ్నీ దెబ్బయితే 5 నుంచి 10 నిమిషాలకి మూడో విడత కూడా కావాలి, మూత్రం కారుతోందేమో చూడ్డానికి.

మందు ఎక్కించే తీరు కూడా ముఖ్యమే. సాధారణ కట్టున్న మనిషికి 80 నుంచి 120 మిల్లీలీటర్లు, సెకనుకి 4 లేదా 5 మిల్లీలీటర్ల వేగంతో పోవాలి. దానికి మోచేతి మడతలో 18 గేజీ క్యాన్యులా (మందెక్కించే ప్లాస్టిక్ గొట్టం), తప్పకపోతే 20; గేజీ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. ముంజేతి వెనక సన్న నీలం క్యాన్యులా పెట్టుకుని వచ్చిన రోగికి ఆ వేగం పెడితే నరం పగిలి చేయి వాస్తుంది. టెక్నీషియన్ భయపడి వేగం తగ్గిస్తాడు, ధమనుల విడత పలచబడుతుంది. ఇలా రెండు వేళ్లంత ప్లాస్టిక్ ముక్క దగ్గర మొత్తం పరీక్ష చెడుతుంది. 108లో ఉన్నప్పుడే పెద్ద క్యాన్యులా పడితే సగం పని అయినట్టే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'డాక్టర్ గారూ, ఆర్టీరియల్ ఫేజ్ (ధమనుల విడత) కూడా తీస్తున్నారా అండీ?' సీటీ గదిలోకి వెళ్లేముందే అడగాలి. తర్వాత అడిగితే మళ్లీ 100 మిల్లీలీటర్లు ఎక్కించాలి. అప్పటికే రక్తం పోయి బీపీ పడిన మనిషి కిడ్నీలకి అది రెండో దెబ్బ.

రిపోర్టు చేతికొచ్చాక గ్రేడు చూడండి, అంటే దెబ్బ ఎంత తీవ్రమో చెప్పే అంకె; అంకె పెరిగితే దెబ్బ పెద్దది. అమెరికా ట్రామా సర్జన్ల సంఘం 2018లో దెబ్బల గ్రేడింగ్ సవరించింది. ఆ అవయవం లోపలే ఆగి ఉన్న ధమని ఉబ్బు కనిపిస్తే చీలిక ఎంత చిన్నదైనా ప్లీహానికి నేరుగా 4వ గ్రేడు, కాలేయానికీ కిడ్నీకీ కనీసం 3వ గ్రేడు. పాత పట్టిక ప్రకారం 2 అని రాసి, కింద ఎక్కడో చిన్నక్షరాల్లో 'ఫోకల్ ఆర్టీరియల్ బ్లష్' (ధమని దగ్గర ఒకచోట మందు మెరిసింది) అని వదిలేసిన రిపోర్టులు ఇప్పటికీ వస్తుంటాయి. ఆ చిన్నక్షరాలే అసలు రిపోర్టు.

ఇంకో మాట. ఫిల్ములు కాదు, సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద ఇరవై ముప్పై బొమ్మలే ఉంటాయి. కాయిలింగ్ చేసే డాక్టరుకి కావలసింది 1 మి.మీ. మందాన తీసిన మొత్తం బొమ్మలు. ఏ కొమ్మ ఎటు తిరిగిందో ముందే చూసుకుంటే క్యాత్ ల్యాబులో, అంటే ఎక్స్‌రే తెర చూస్తూ గొట్టం పంపే గదిలో, అరగంట మిగులుతుంది. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మారినప్పుడు సీడీ తెరుచుకోక మళ్లీ స్కాను తీయడం మామూలైపోయింది. అంబులెన్సు ఎక్కేముందు అక్కడి కంప్యూటర్లోనే ఒకసారి తెరిచి చూపించమనండి. విజయవాడ నుంచి గుంటూరు 35 కిలోమీటర్లే. మంగళగిరి ఎయిమ్స్ ఇంకా దగ్గర. ఆలస్యమయ్యేది రోడ్డు మీద కాదు, రెండో ఆస్పత్రి సీటీ గది బయట.

కాయిలింగ్ అందరికీ కాదు. బీపీ నిలబడని మనిషిని, ఎన్ని సీసాల రక్తం ఎక్కించినా జారిపోతున్న మనిషిని క్యాత్ ల్యాబుకి తోయకూడదు. అతని చోటు ఆపరేషన్ థియేటర్. పేగు చిల్లుపడినా అంతే, పొట్ట తెరవాల్సిందే. ద్రవాలూ రక్తం ఇచ్చాక నిలదొక్కుకున్నవాడికీ, దెబ్బ తగిలిన కొన్నాళ్లకి స్కానులో ఉబ్బు బయటపడ్డవాడికీ ఈ సేవ. ఈ విభజన విషయంలో ఇక్కడి సర్జన్లకి మంచి మార్కులే వేస్తాం.

క్యాత్ ల్యాబులో జరిగేది దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. గజ్జలో మత్తు సూది, తర్వాత 18 గేజీ సూదితో తొడ ధమనిని గుచ్చి, దానిలోంచి తీగ, తీగ మీదుగా షీత్ అనే 5 ఫ్రెంచ్ పొట్టి గొట్టం. ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అందులోంచి కొన వంపు తిరిగిన కాథెటర్ (పొడుగాటి సన్న గొట్టం) పైకి పోయి, కాలేయానికీ ప్లీహానికీ రక్తం పంపే సీలియాక్ ధమని మూతిని పట్టుకుంటుంది. మందు కొడితే తెర మీద కాలేయం, ప్లీహం ధమనులు ఎండిన చెట్టు కొమ్మల్లా నల్లగా విచ్చుకుంటాయి. ఆ కొమ్మల్లో ఒక చివర చిన్న రేగుపండులా నల్లటి గుండు. కొమ్మలన్నీ వెలిసిపోయాక కూడా అది ఒకట్రెండు సెకన్లు అక్కడే ఉండిపోతుంది. అదే మన ఉబ్బు. ఆ కాథెటర్ లోపలినుంచి ఇంకా సన్నటిది, 2.4 నుంచి 2.8 ఫ్రెంచ్ మైక్రో కాథెటర్, ఆ కొమ్మలోకి పాకుతుంది. మిల్లీమీటరు కూడా లావుండదు. రోగి మెలకువగానే ఉంటాడు. 'ఊపిరి బిగబట్టండి' అన్నప్పుడు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. పేగుల కదలిక ఆపడానికి బస్కోపాన్ ఇంజెక్షను ఇస్తారు.

ఒక జాగ్రత్త: గుండె క్యాత్ ల్యాబ్ ఉన్నంత మాత్రాన ఈ పని జరగదు. ఎముకల నీడ తీసేసి రక్తనాళాలనే చూపించే డీఎస్ఏ సదుపాయం కొన్ని గుండె ల్యాబుల్లో ఉండదు. ఫోన్లోనే అడగండి: డీఎస్ఏ ఉందా, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (కాయిలింగ్ చేసే డాక్టరు) రాత్రిపూట వస్తారా, మైక్రో కాయిల్స్ స్టాకులో ఉన్నాయా, డీలరు నుంచి తెప్పించాలా? మూడో ప్రశ్నకి జవాబు తడబడితే రాత్రి గడిచిపోతుందని అర్థం. పగలు ఈ సేవ తీరు చాలా బాగుంది. రాత్రి పదకొండు తర్వాత ఏ ఊళ్లో ఉన్నారన్నది కాదు, ఎవరు డ్యూటీలో ఉన్నారన్నదే లెక్క.

సామాన్ల విషయానికొద్దాం. కాయిల్ అంటే ప్లాటినం స్ప్రింగు, దానికి నూలు పోగుల్లాంటి పీచు. తిన్నగా గొట్టంలోంచి పోయి, బయటపడగానే ఉంగరాలు చుట్టుకుంటుంది. ఆ పీచు చుట్టూ రక్తం గడ్డకట్టి ధమని మూసుకుపోతుంది. సైజు ధమని వెడల్పు కన్నా 20 నుంచి 30 శాతం పెద్దది వేయాలి. చిన్నదైతే రక్తంతో కొట్టుకుపోయి ఇంకెక్కడో ఇరుక్కుంటుంది. మరీ పెద్దదైతే చుట్టుకోకుండా తీగలా పొడుగ్గా నిలబడి ఏమీ మూయదు. తోసి వదిలేసే రకం చవక, కానీ ఒకసారి బయటికొస్తే వెనక్కి రాదు. విడదీసే రకం ఖరీదెక్కువ, నచ్చకపోతే లోపలికి లాక్కుని మళ్లీ పెట్టొచ్చు. మెడ పొట్టిగా ఉన్నచోట, పక్కనే ముఖ్యమైన కొమ్మ ఉన్నచోట ఆ ఖరీదు న్యాయమే. మిగతా చోట్ల అన్నీ ఖరీదైనవే వేశారంటే ఎందుకని అడగడంలో తప్పులేదు.

అసలు మెళకువ కాయిల్లో లేదు, ఎక్కడ వేస్తారన్నదాంట్లో ఉంది. ఉబ్బు లోపల కుక్కకూడదు. దాని గోడ గడ్డకట్టిన రక్తమే కదా, తీగ గుచ్చుకుంటే పగులుతుంది. ఉబ్బు ఉన్న ధమనినే మూయాలి, అదీ రెండు పక్కలా. కాలువకి గండి పడితే ఎగువ లాకు దించితే సరిపోతుంది. ధమనికి అది చాలదు. పక్క కొమ్మల నుంచి రక్తం దిగువ వైపునుంచి ఎదురెక్కి మళ్లీ అదే గండిలో పడుతుంది. అందుకే ముందు ఉబ్బు దాటి అవతల కాయిల్ వేసి, తర్వాత ఇవతల వేస్తారు. ఇవతలది ముందు వేస్తే అవతలికి దారే ఉండదు. డ్యుయోడినం చుట్టూ ఉండే ధమనులకి పైనుంచి సీలియాక్, కింద నుంచి పేగులకి పోయే మెసెంటెరిక్ ధమని రెండూ రక్తం పోస్తాయి. అక్కడ ఒక పక్కే మూసి 'సక్సెస్' అని రాసిన కేసుల్లో మళ్లీ రక్తస్రావం రావడానికి కారణం ఇదే. ఒక వైపు మూశాక రెండో వైపునుంచి కూడా మందు కొట్టి చూశారా అని అడగండి. చూసిన డాక్టరు వెంటనే బొమ్మ తెరిచి చూపిస్తారు.

కాయిల్ పనిచేయాలంటే రోగి రక్తం గడ్డకట్టే స్థితిలో ఉండాలి. ఎక్కువ రక్తం పోయి, ఒళ్లు చల్లబడి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) పెరిగిపోయినవాళ్లలో స్ప్రింగు చుట్టూ రక్తం ఇంకా పారుతూనే ఉంటుంది. అలాంటప్పుడు గ్లూ, అంటే రక్తం తగిలితే గట్టిపడే జిగురు. అది లిపియోడాల్ నూనెతో 1కి 2 నుంచి 1కి 4 పాళ్లలో కలిపి కొడతారు. నూనె ఎక్కువైతే ఆలస్యంగా గట్టిపడి దూరం పోతుంది, తక్కువైతే గొట్టం కొనకే అంటుకుంటుంది. ఉప్పు తగిలితే గడ్డకడుతుంది కాబట్టి గొట్టాన్ని సెలైన్‌తో కాదు, 5 శాతం డెక్స్‌ట్రోస్‌తో కడగాలి. ట్రేలో ఒక్క సెలైన్ గిన్నె ఉన్నా దాన్ని పక్కకి జరిపేసే సిస్టర్ ఉన్న ల్యాబుకి మేం మార్కు ఎక్కువ వేస్తాం. జెల్‌ఫోమ్ అనే స్పాంజి లాంటి పదార్థం కొన్ని వారాల్లో కరిగిపోతుంది; ఉబ్బుకి అదొక్కటే వేసి సరిపెట్టడం మాకు నచ్చదు. మెసెంటెరిక్ పెద్ద ధమని, కాలేయపు మూల ధమని లాంటి మూయకూడని చోట్ల బట్ట తొడిగిన స్టెంటు వేసి చిల్లుని కప్పుతారు. ఆ సైజులు అన్నివేళలా స్టాకులో ఉండవు.

అవయవాన్ని బట్టి లెక్క మారుతుంది. ప్లీహంలో అనేకచోట్ల దెబ్బలుంటే దాని మూల ధమనినే, క్లోమానికి (ప్యాంక్రియాస్) పోయే మొదటి కొమ్మ దాటాక, కాయిల్‌తో మూస్తారు. ప్లీహం చచ్చిపోదు, పొట్ట పక్కనుంచి వచ్చే చిన్న ధమనులు దాన్ని బతికిస్తాయి. లాకు దించి కాలువ వేగం తగ్గించినట్టు ఒత్తిడి పడిపోతుంది, చీలిక మానుతుంది. ఒకే ఒక్క ఉబ్బు స్పష్టంగా ఉంటే దాని దాకా వెళ్లి మూస్తారు, కానీ ఆ ముక్క మేర ప్లీహం ఎండుతుంది. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడొంతులు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిరదే, అందుకే ధమని కొమ్మ మూసినా తట్టుకుంటుంది. అయితే ఆ సిర తెరిచే ఉందని ముందు చూసి తీరాలి. పిత్తాశయానికి పోయే కొమ్మని పొరపాటున మూస్తే అది కుళ్లుతుంది. కిడ్నీలో పక్కదారులుండవు, మూసిన కొమ్మ కింది ముక్క పోయినట్టే. కాబట్టి ఎంత లోపలికి వెళ్లి మూస్తే అంత కిడ్నీ మిగులుతుంది, అక్కడ మైక్రో కాథెటర్ మీద పీనాసితనం పనికిరాదు.

పని అయ్యాక తొడ దగ్గర నొక్కిపట్టి, కాలు చాపి దాదాపు 6 గంటలు వెల్లకిలా పడుకోవాలి. పక్కన కూర్చున్నవాళ్లు చూడాల్సింది దుప్పటి కింద గజ్జ. కట్టు పొడిగా ఉన్నా కింద గట్టిగా ఉబ్బుతుంటే, నడుములో నొప్పి లేస్తే, పాదం చల్లబడితే వెంటనే పిలవండి. ఉబ్బు మూయడానికి గుచ్చినచోటే ఇంకో నకిలీ ఉబ్బు రావడం ఈ వైద్యంలోని ఒక వెక్కిరింత. రెండు మూడు రోజులు జ్వరం, నొప్పి, వికారం మామూలే. కండ కొంచెం ఎండినందుకు శరీరం చేసే గోల అది. వారం దాటినా చలిజ్వరం తగ్గకపోతే చీము పట్టిందేమోనని మళ్లీ సీటీ చూడాలి.

మూడు మార్కులెందుకో ఇప్పుడు చెబుతాం. నకిలీ ఉబ్బు దెబ్బ తగిలిన గంటలో ఉండకపోవచ్చు. మొదటి స్కానులో లేనిది 48 నుంచి 72 గంటల తర్వాత తీసిన స్కానులో బయటపడటం ప్లీహం విషయంలో బాగా తెలిసిన సంగతి. గడ్డ కరిగేకొద్దీ దాని వెనకున్న చినుగు తెరుచుకుంటుంది. కిడ్నీలో అయితే రెండో వారం, మూడో వారం కూడా దాటొచ్చు. అందుకే 3వ గ్రేడు, ఆపైన దెబ్బలకి ఆపరేషను లేకుండా కాచుకున్నవాళ్లని రెండో స్కాను లేకుండా పంపకూడదు. ఇక్కడ చాలాచోట్ల మూడో రోజు రోగి లేచి ఇడ్లీ తింటున్నాడనీ, హిమోగ్లోబిన్ నిలబడిందనీ డిశ్చార్జి చేసేస్తారు. ఇంటివాళ్లు కూడా మంచం అద్దె లెక్కేసుకుని తొందరపెడతారు, వాళ్లని తప్పుపట్టలేం. కాయిలింగ్ అయినవాళ్లకి కూడా మూసింది మూసుకునే ఉందో లేదో వారంలోపు ఒకసారి, నెల తిరిగాక ఇంకోసారి డాప్లరో సీటీయో చూడాలి.

డబ్బు గురించి క్లుప్తంగా. రోడ్డు ప్రమాదమైతే కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసిన నగదు రహిత పథకం ఉంది: ఒక్కొక్కరికి లక్షా యాభై వేల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల లోపు. ఆ 7 రోజులు చూశారా? పదో రోజు పగిలే ఉబ్బుకి ఆ పథకం వర్తించదు. అందుకని కూడా రెండో స్కాను ఆ వారంలోనే తీయించుకోవడం తెలివి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తే ఏ ప్యాకేజీ పెడుతున్నారు, అందులో ఎన్ని కాయిల్స్ వస్తాయి అని డెస్కు దగ్గర కాగితం మీద రాయించుకోండి. కాయిల్స్ ఒక్కొక్కటి వేలల్లో ఉంటాయి, ఎన్ని పడతాయో ముందు చెప్పడం కష్టం. అయ్యాక లెక్క చెప్పడం మాత్రం కష్టం కాదు. ఒక్కో కాయిల్ డబ్బా మీద సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. బిల్లులో ఎన్ని కాయిల్స్ ఉన్నాయో కేస్ షీట్లో అన్ని స్టిక్కర్లు ఉండాలి. వాటి ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా ఆ స్టిక్కరే ఆధారం. పోలీసు కాగితాల కోసం వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, దాని మీద వాదనే అక్కర్లేదు.

డిశ్చార్జ్ కాగితంలో ఎక్కువగా కనిపించేది 'రివ్యూ ఆఫ్టర్ వన్ వీక్'. దాంతో ఎవరికీ ఏమీ తెలియదు. ఏ ధమని, ఎన్ని కాయిల్స్, తర్వాతి స్కాను ఏ తేదీన, ఏ లక్షణం కనిపిస్తే ఏ నంబరుకి ఫోను చేయాలి అన్నవి తెలుగులో రాసిచ్చే ఆస్పత్రికి పదికి పది ఇస్తాం. ప్లీహం దెబ్బయితే 6 వారాల నుంచి 3 నెలల దాకా బరువులెత్తొద్దు, కబడ్డీ వద్దు. ప్లీహం తీసేసి ఉంటే న్యూమోకోకల్, మెనింజోకోకల్, హిబ్ టీకాలు ఆపరేషనైన రెండు వారాలకి వేయించాలి. కాయిల్ వేసి ప్లీహం ఉంచితే దాని పని చాలావరకు మిగులుతుంది కాబట్టి టీకా సంగతి డాక్టరే తేల్చాలి. నొప్పికి మందులషాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకోవద్దు.

కాలేయం దెబ్బ తిన్నవాళ్ల ఇంటివాళ్లకి ప్రత్యేకంగా ఒకటి. ఉబ్బు పైత్యనాళంలోకి పగిలితే మూడు వస్తాయి: కుడి పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం, నల్లటి తారులాంటి విరేచనం లేదా రక్తపు వాంతి. మూడూ కలిసి రావడం తక్కువ. ఒక్క నల్ల విరేచనమే రావొచ్చు, అదీ ఒకరోజు వచ్చి నాలుగు రోజులు ఆగి మళ్లీ రావొచ్చు. అప్పటికి ప్రమాదం జరిగి మూడు వారాలవుతుంది, బండి షెడ్డు నుంచి కూడా వచ్చేసి ఉంటుంది. వీధి చివరి క్లినిక్కులో గ్యాస్ట్రిక్ అని మాత్రలిస్తారు, దెబ్బ సంగతి అక్కడ ఎవరూ అడగరు. మీరే చెప్పండి, పాత సీడీ పట్టుకెళ్లండి, ధమనుల విడతతో సీటీ రాయమనండి.